మూడో రిజిస్టరు

నా నోరు పెద్దదని మా వాళ్లందరూ అనేవారు, ఇప్పటికీ అంటారు. నేను కాదనను. ఆ నోరే లేకపోతే నా మొదటి బిడ్డ ఏ కాగితంలోనూ ఎక్కి ఉండేది కాదు. అందుకని నోటి సంగతి ఎవరైనా ఎత్తితే నేను తల దించుకోను. కావాలంటే ఇంకో రెండు మాటలు ఎక్కువే అంటాను.

కొంత నోరు పుట్టుకతో వచ్చింది, కొంత అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం ఇచ్చింది. అప్పుడు నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలు మూతబడి ఏడాది చదువు గంగలో కలిసింది. నాతో చదివే ఆడపిల్లలు చాలామంది ఇళ్లకు పోయారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. నేను జనగామలో మా ఇంటికి వచ్చి ఊరేగింపుల్లో తిరిగాను. దరఖాస్తు పట్టుకుని పోతే "తీసుకోం" అనే అధికారి ముందు నిలబడి "ఎందుకు తీసుకోరు? ఏ రూల్ల ఉన్నది?" అని అడగడం ఆ ఏడే నేర్చుకున్నాను. తర్వాత మళ్లీ చదివి బి.ఏ. పాసయ్యాను కానీ, నాకు అక్కరకొచ్చిన చదువు మాత్రం అదే.

నన్ను మానుకోట వాళ్లకిచ్చారు. మహబూబాబాద్ అని రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉంటుంది, మా నోటికి మాత్రం అది మానుకోటే. మా ఆయన భూపాలపల్లి అవతల ఒక ఊళ్లో బడి పంతులు. ఇప్పుడంటే అక్కడ బొగ్గు బావులనీ క్వార్టర్లనీ హడావుడి మొదలైంది. అప్పుడు ఆ బడికి పోవాలంటే బస్సు దిగి అడవిలో నడవాలి. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి గనుక ఏడో నెలలో నేను జనగామ వచ్చేశాను.

నెలలు నిండాయి. ఒక రోజు బిడ్డ కదలడం లేదనిపించింది. నన్ను కన్న మా అవ్వతో అంటే, "కాన్పుకు ముందు గట్లనే ఊకుంటరు" అన్నది. మర్నాడు పొద్దున నొప్పులు వచ్చాయి, దవాఖానకు పోయాం. మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. సిస్టరమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది, కాళ్లు తట్టింది. ఆ చప్పుడు తప్ప గదిలో ఇంకే చప్పుడూ లేదు.

మా అవ్వ నా మొహం గోడవైపు తిప్పింది.

"చూడకు బిడ్డా. చూస్తే మల్ల కడుపు నిలువది."

"చూడకపోతే నిలుస్తదా? ఎవలకు నిలిచిందే గట్ల?"

"గిప్పుడు గూడ వాదమేనా?"

"ఇప్పుడు గాకపోతే ఎన్నడు చూస్తనే? తీసుకరా అంటున్న."

మా అవ్వ కదలలేదు. సిస్టరమ్మ తీసుకొచ్చింది. గుంటూరు వైపు మనిషి ఆమె. నేను వార్డులో చేరినప్పుడు "దవాఖాన" అంటే నవ్వింది, అందుకు నాకు ఆమె మీద కోపంగా ఉండేది. ఆ పూటతో ఆ కోపం పోయింది. బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, "చూసుకో తల్లీ, తొందరేం లేదు" అంది. నల్లటి ఒత్తైన జుట్టు, తడికి నుదుటికి అంటుకుని ఉంది. గోళ్లు పెరిగి ఉన్నాయి. చెవులు అచ్చం నా తండ్రివి, మా బాపువి. కోపం వచ్చినట్టు కనుబొమలు ముడిచి ఉంది. నా బిడ్డేనని ఎవరైనా చెప్పేటట్టుంది.

మా బాపు వచ్చి, తన భుజం మీది కండువాలో చుట్టి తీసుకుపోయాడు. పసిపిల్లలను మా వైపు కాల్చరు. మా మెట్టచేను, చెలక గట్టున గుంత తీసి, ఉప్పు వేసి పెట్టి వచ్చాడు. పేరు పెట్టని బిడ్డకు దినాలుండవు, పిండం ఉండదు. ఆయన బావి దగ్గర స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడట, ఎవరితోనూ మాట్లాడలేదట. భుజం మీద కండువా లేకుండా మా బాపు నాలుగు రోజులు తిరిగాడు. కొత్తది తెచ్చుకొమ్మని ఎవరూ అనలేదు.

నేను దవాఖానలో మూడు రోజులున్నాను. నా మంచానికి ఎదురుగా గోడ మీద ఒక బోర్డు ఉండేది. పాలిచ్చే పని లేదు, బొంతలు మార్చే పని లేదు, ఆ బోర్డే చదివాను. జననం, మరణం, మృతజననం, ఏది జరిగినా నమోదు చేయించాలని అందులో ఉంది. మొదటి రెండు మాటలూ పెద్ద అక్షరాలు, మూడోది చిన్నది. పెయింటర్‌కు చోటు సరిపోలేదేమో. ఆ మూడో మాటను ఎన్నిసార్లు చదివానో. నా బిడ్డకు సర్కారులో ఒక మాట ఉందని అప్పుడు తెలిసింది. మా ఇంట్లో అయితే ఆ మాట కూడా లేదు.

ఇంటికి పోయే రోజు సిస్టరమ్మను చీటీ అడిగాను.

"ఎందుకమ్మా నీకా కాగితం? ఎవరూ అడగరు ఇలాంటివి" అంది.

"నేనడుగుతున్న గద."

ఆమె నా మొహం చూసి చీటీ రాసిచ్చింది. నెలలు నిండిన ఆడశిశువు, మృతజననం. "పది రోజులు దాటనియ్యకు. ఆలస్యమైతే పై ఆఫీసులకు తిప్పుతారు" అని కూడా చెప్పింది.

ఇంటికి వచ్చాక అసలు సంగతి మొదలైంది. మా అత్త మానుకోట నుంచి రైల్లో వచ్చింది. చెడ్డ మనిషి కాదు, నన్ను కావలించుకుని ఏడ్చింది కూడా. ఏడ్చి, ముక్కు చీది, చెప్పిన మాట ఇది:

"ఎవలన్న అడిగితే ఇంక కాన్పు కాలేదను బిడ్డా. మల్ల ఏడు కలుగుతది గద, అదే మొదటిది అనుకుందాం. కడుపుల ఏం పెట్టుకోకు."

మా అవ్వ పక్కన నిలబడి తల ఊపింది. ఊపి, మా అత్తకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. మా అత్త చెంబు ముట్టలేదు.

"వద్దు వదినె. పురుటిల్లు గద. పక్కింట్ల తాగొస్త."

అప్పటిదాకా నాకు ఏడుపు ఒక్కటే ఉండేది, ఆ చెంబును చూశాక కోపం వచ్చింది. మా ఇంట్లో పురుడు ఇరవై ఒక్క రోజులు. అన్ని రోజులూ నేను మూల గదిలో వేరే చాప, వేరే కంచంతో ఉండాలి, గడప దాటకూడదు, దేవుడి అర్ర దిక్కు చూడకూడదు. అంతా సరే. మరి కాన్పే కాకపోతే ఈ చాప ఎందుకు? కాన్పు అయి ఉంటే, కాలేదని నేనెందుకు చెప్పాలి? ఇద్దరు పెద్దవాళ్లు ఒకే నోటితో బిడ్డ లేదంటున్నారు, బిడ్డ మైల మాత్రం ఉందంటున్నారు. నా బిడ్డలోంచి మైల ఒక్కటి తీసి ఇంట్లో ఉంచుకుని, మిగతాదంతా చెరిపేస్తున్నారు. తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని నేను. కన్నానో లేదో ఎవరో చెప్తే తెలుసుకోవాలా?

మా ఆయన ఐదో రోజుకు వచ్చాడు. టెలిగ్రాం పరకాల దాకా వచ్చి అక్కడ ఆగింది. అటు పోయే ఎవరి చేతికో ఇస్తే, వాళ్లు దారిలో రేగొండలో వేరే పని చూసుకుని, తీరిగ్గా తీసుకుపోయి ఇచ్చారు. పురుటి గదిలోకి మగవాళ్లు రారు గనుక ఆయన తలుపు బయట పీట వేసుకుని కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి. మా ఇద్దరి మాటలూ కలిపి నాకే ఇచ్చాడు దేవుడు.

"కచేరికి పోవాలె. బిడ్డను రాయించాలె. మీరు గూడ రావాలె" అన్నాను తలుపు ఇవతల నుంచి.

"ఎందుకు ఇప్పుడు అదంతా?"

"ఎందుకంటే మీరు వచ్చేసరికి అంతా అయిపోయింది గనుక. రేపు మీ అమ్మ కాన్పే కాలేదంటే, అయిందని మీరేం చూసి చెప్తరు?"

అది అనకుండా ఉండాల్సింది. ఆయన లేచి వాకిట్లోకి పోయాడు. కానీ తొమ్మిదో రోజు పొద్దున, నేను పిలవకముందే తెల్లచొక్కా తొడుక్కుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

మా అవ్వ అడ్డం వచ్చింది.

"పురుట్ల ఉండి గడప దాటుతవా? ఊరోళ్లు మొకం మీద ఊంచుతరు."

"సరే, దాట. అయితే కాన్పు అయిందని వాడకట్టంతా తిరిగి నువ్వు చెప్పి రా."

"గదెట్ల చెప్తనే?"

"మరి కాన్పు కాలేదంటే పురుడు లేదు, నేను బయటికి పోత. అయిందంటే పురుడున్నది, బిడ్డ గూడ ఉన్నది. రెండిట్ల ఒకటి చెప్పవ్వా. రెండూ నీకే గావాలంటే కుదరదు."

మంచం మీద నుంచి మా బాపు, అన్ని రోజుల్లో మొదటిసారి అనుకుంటా, నోరు విప్పాడు.

"పోనియ్యి. వద్దన్నా పోతది. చెప్పులన్న తొడుక్కొమ్మను, ఎండ ఉన్నది."

జనన మరణాలు రాసే ఆఫీసు అంటే ఒక గది. రెండు బల్లలు, ఒక బీరువా. గుమాస్తా పెద్దాయన, నుదుట విభూతి, చెవిలో పువ్వు. మా ఆయన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా చదివి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఇది జననాల రిజిస్టరు" అన్నాడు ఒక దాని మీద చెయ్యి వేసి. "బతికి పుట్టినోళ్లది. ఇది మరణాలది. బతికి పోయినోళ్లది. మీ బిడ్డ బతుకనే లేదాయె. ఏడ రాయాలె నేను?"

"మూడోది ఉన్నది సార్" అన్నాను. "దవాఖాన గోడ మీద రాసున్నది."

"గోడల మీద మస్తు రాస్తరు తల్లీ."

"మీ సర్కారే రాసింది."

ఆయన నన్ను వదిలేసి మా ఆయనవైపు తిరిగాడు. "మాస్టారూ, దేనికి ఇది? రేషన్ కార్డుకు గాదు, బడికి గాదు. ఎవలడుగుతరు దీన్ని?"

మా ఆయన నావైపు చూశాడు. గుమాస్తాకు నా మొహంలో ఏం కనబడిందో, గొంతు తగ్గించాడు. ఆయన తర్వాత అన్న మాటలో దురుద్దేశం లేదు. దయతోనే అన్నాడు. అందుకే అది ఎక్కువ కష్టమైంది.

"ఒక పని చేస్త బిడ్డా. ఒక గడియ బతికిందని రాస్త. ఇందుల పుట్టినట్టు, ఇందుల పోయినట్టు. రెండు కాగితాలిస్త, మంచిగ దాసుకో. నీ మనసుకూ నిమ్మళం, నాకూ తిప్పలుండది. ఒక గడియే గద, ఎవలకేం నష్టం?"

నిజం చెప్తున్నాను, ఆ గడియ నాకు కావాలనిపించింది. గడియ అంటే ఎంతసేపు! కళ్లు తెరిచి ఉండేది. ఒక్కసారి ఏడ్చి ఉండేది, ఆ ఏడుపు నాకు తెలిసి ఉండేది. మా ఆయన తల ఊపబోతున్నాడు, నాకు కనబడుతూనే ఉంది. నేను కూడా ఊపితే అయిపోయేది.

కానీ ఆ గడియలో బతికింది నా బిడ్డ కాదు. నా బిడ్డ బతికింది నాలో. ఎండాకాలం అంతా రాత్రిళ్లు నన్ను పడుకోనివ్వలేదు, పచ్చిపులుసు తాగితే తన్నేది, రైలు కూత పెడితే ఉలిక్కిపడేది. నాకు తెలిసిన ఆ తొమ్మిది నెలలు పోయి, ఎవరూ చూడని గడియ ఒకటి కాగితంలో మిగిలితే, అది వేరే ఎవరి బిడ్డో అవుతుంది.

"వద్దు సార్" అన్నాను. "ఆ గడియ దానిది గాదు. అది అబద్ధమాడలే, దాని మీద నేను అబద్ధం రాయియ్య. ఎట్ల పుట్టిందో గట్లనే రాయుండ్రి."

గుమాస్తా నిట్టూర్చాడు. చీటీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "కాన్పు ఎన్నడైంది?"

"ఇయ్యాల్టికి తొమ్మిదో రోజు."

చీటీ ఆయన చేతిలోంచి జారింది. కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది. జరిగిందే కాక, రిజిస్టర్లు రెండూ తన ఒళ్లోకి లాక్కున్నాడు.

"పురుట్ల ఉన్నవా తల్లీ! ముందుగాల చెప్పొద్దా!"

ఆ కుర్చీ కిర్రుమన్న చప్పుడు కంటే నాకు సంతోషం కలిగించిన చప్పుడు ఆ రోజుల్లో ఇంకొకటి లేదు.

"ఎందుకు జరిగిండ్రు సార్?"

"ఎందుకేంది? పురుడాయె."

"ఎవల పురుడు?"

"నీదే."

"ఎవలు పుడితే నాకు పురుడొచ్చింది?"

రెండో బల్ల దగ్గర కూర్చున్న నడివయసు మనిషి రాయడం ఆపేశాడు.

"పుట్టనిదానికి పురుడుండదు సార్. మీరు కుర్చీ జరుపుకున్నరంటే పుట్టిందని ఒప్పుకున్నట్టే. మీకు తాకుతున్నది, మీ రిజిస్టరుకు తాకదా? రాయుండ్రి. లేకపోతే కుర్చీ మల్ల ముందటికి జరుపుకోండ్రి, నేను ఈ బల్ల మీద చెయ్యి పెట్టుకోని నిలబడత."

రెండో బల్ల మనిషి పకపకా నవ్వాడు. "దొరికినవ్ బావా" అన్నాడు. "మూడోదేందో బీరువా మీద ఉండాలె చూడు, పై నుంచి వచ్చిన కట్టల."

"ఉన్నదో లేదో... రేపు రమ్మను."

"రేపెందుకు సార్, నేనే చూస్త" అని బీరువావైపు రెండడుగులు వేశాను.

"ముట్టకు! ముట్టకు తల్లీ! అన్నీ దేవుని పేరు రాసి మొదలుపెట్టినయి!"

అంత పెద్దాయన స్టూలు వేసుకుని ఎక్కాడు. బీరువా మీద గోనెగుడ్డలో చుట్టిన కట్ట ఉంది. పురికొస తెగలేదు. విప్పితే సన్నటి రిజిస్టరు, అట్ట మీద ఆ మాటే, ఈసారి పెద్ద అక్షరాల్లో. లోపల ఒక్క పేజీ కూడా రాసి లేదు. అన్నేళ్లలో మా చుట్టుపక్కల ఎందరికి ఇట్లా పుట్టి ఉంటారో, ఎందరు చెలక గట్ల మీద పడుకుని ఉన్నారో. ఆ పేజీలు మాత్రం పెళ్లివాళ్ల ఇంటి గోడల్లా తెల్లగా ఉన్నాయి.

ఆయన మొదటి పేజీ తీసి, పైన చిన్నగా ఓంకారం రాసి, అడగడం మొదలుపెట్టాడు. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఆడ, మగ? ఎన్ని నెలలు? తండ్రి పేరు, తండ్రి పని. తల్లి వయసు.

"తల్లి చదువు?" అని అడిగి, జవాబు తనకే తెలుసన్నట్టు రాయబోయాడు.

"బి.ఏ."

కలం ఆగింది. తల ఎత్తి చూశాడు. "గది ముందుగాల చెప్పితే గీ వాదమంతా తప్పుతుండె గద" అన్నాడు.

"బి.ఏ. లేకపోతే రాయకపోదురా?"

"రాయక ఏం జేస్త, నిన్ను చూసినంక!"

సంతకం దగ్గర రిజిస్టరును మా ఆయన వైపు తిప్పాడు. నేను అడ్డుకున్నాను. తండ్రే పెట్టాలని ఎక్కడైనా ఉందా అంటే, ఆయన గళ్ల మీది అక్షరాలు వేలితో చదివి, లేదని ఒప్పుకున్నాడు. కలాన్ని బల్ల చివర పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను సంతకం చేశాను, పక్కన బి.ఏ. అని కూడా రాశాను. ఎవరూ అడగలేదు, నాకే రాయాలనిపించింది. వరుస నంబరు ఒకటి. కలం తిరిగి ఇవ్వబోతే "ఉంచుకో బిడ్డా, ఉంచుకో" అని రెండు చేతులూ ఊపాడు. రిజిస్టరును మాత్రం ఏమీ చేయలేకపోయాడు, అది సర్కారుది.

నకలు కాగితం మీద ముద్ర వేసి ఇస్తూ, "మొదటి పేజీ తల్లీ. ఒక్క కొట్టివేత లేకుంట రాసిన" అన్నాడు. ఆ మాటలో ఆయనకూ కొంత గర్వం ఉంది. నేను దండం పెట్టాను. కోపంతో కాదు.

బయట ఎండ. స్టేషన్ రోడ్డు మీద జనం. ఎదురొచ్చేవాళ్లను తాకకుండా నడవాలని నాకు తోచలేదు, నిటారుగా నడి రోడ్డునే నడిచాను. కాగితం మా ఆయన చేతిలో ఉంది. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని తిరిగి చూశాను. ఆయన ఒక కొట్టు ముందు నిలబడి కాగితం చదువుతున్నాడు. తండ్రి అని ఉన్నచోట తన పేరు ఉంది. అక్కడే వేలు పెట్టి నిలబడ్డాడు.

నేను వెనక్కి పోయాను. ఆయన కాగితం మీది నుంచి తల ఎత్తలేదు.

"ఎంత పొడుగుండె?" అని అడిగాడు.

అన్ని రోజుల్లో బిడ్డ గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. కొట్టువాడు చూస్తున్నాడు, రిక్షా తొక్కుకుంటూ పోయేవాడు చూస్తున్నాడు. నేను రెండు చేతులూ ముందుకు చాచి, ఎడం సరిగ్గా చూసుకుని, చూపించాను.

"ఇంత" అన్నాను. "జుట్టు మస్తుండె."

ఆయన కళ్లు తుడుచుకుని బాగా చూసేదాకా, నేను చేతులు దించలేదు.